రెండు గంటల గడి

అయ్యా,
మీ మెమో అందింది.
ఆగస్టు పదమూడు రాత్రి, రెండు గంటల గడి
ఖాళీగా ఎందుకున్నదో
మూడు రోజుల్లో రాయమన్నరు.
రాస్తున్న.

ఒంటిగంటకు పంపిన అంకె మీ దగ్గరే ఉన్నది:
మూడు వందల ముప్పై ఆరు పాయింటు నాలుగు సున్న.
సముద్రం మీంచి లెక్క.
పదకొండేండ్ల సంది సముద్రం నుంచే కొలుస్తున్న,
సముద్రాన్ని ఇంకా చూడలేదు.

మక్తల్ కాడ బస్సు దిగి, పత్తిచేన్ల నడుమ
మడమలకు నల్లరేగడి మెత్తుకుంట నడిస్తే
నా కొలత కర్ర.
ఎగువన భీమ కలిసి వచ్చిన కృష్ణ
కొత్తనీళ్ళప్పుడు రెండు రంగుల్ల పారుతది మా దగ్గర.
ఏది ఎవరి రాష్ట్రం వానో
రంగు చూసి చెప్తడు బెస్త తిప్పన్న.
దానికి మీ రిజిస్టర్ల గడి లేదు.

మీ గోడ మీద దేశం పటం ఉంటదంట.
బ్రహ్మపుత్ర కాడ ఒక దీపం, మహానది కాడ ఒకటి,
పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు.
ట్రైనింగుల సారు చూపెట్టిండు.
వెతికిన. నా కర్ర ఉన్నది.
ఊరు లేదు.

తప్పు పడుతలేను.
నా అంకె మీ దాక వస్తది, మీరు కింది డ్యాముకు చెప్తరు,
డ్యాము గేట్లెత్తుతది,
నేను చూడని ఏదో ఊర్ల
ఒక తల్లి బియ్యం మూటను అటక మీదికెక్కిస్తది.
ఆమెకు నా పేరు తెల్వదు. అట్లనే బాగుంది.
కానీ కర్రకూ డ్యాముకూ నడుమ
మేమున్నం.

ఆ రాత్రి ఒంటిగంట దాటినంక
నీళ్ళ చప్పుడు ఆగింది.
ఆగుడు మంచిది కాదయ్యా.
రాళ్ళన్నీ మునిగినంకనే ఏరు మాట మానేస్తది.
టార్చి కొట్టి చూస్తే
సవారమ్మ బట్టలుతికే బండ లేదు.
ఆ బండ మునిగితే గంటల కింది గేరి మునుగుతది.
ఆమెకు అత్త చెప్పిన లెక్క,
అత్తకు ఆమె అత్త.
నా కాడ లెక్కలు రెండు, ఒళ్ళు ఒక్కటే.

వైర్‌లెస్‌ల అడిగిన: ఊరికి చెప్పాల్నా?
హెచ్చరిక పైనుంచి రావాలె, నువ్వు రీడింగ్ ఇయ్యి, అన్నరు.
పైనుంచి వస్తున్నది నీళ్ళే.

ఉరికిన.
తలుపులు కొట్టిన. మీటర్లు చెప్పలే.
బండ మునిగింది అన్న, అంతే.
పిల్లల్ని, మేకల్ని, ఒక కుట్టుమిషన్‌ని
బడి మిద్దె మీదికెక్కించినం.
కుర్మయ్య తాత రానన్నడు.
వెనకట గూడ ఇట్లనే అన్నరు, ఏ నీళ్ళూ రాలేదన్నడు.
ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది తాతా,
నీ పేరు పెట్టి అడిగిండ్రు, అన్న.
లేచిండు. చెప్పులు గూడ తొడుక్కున్నడు.
ఆ అబద్ధాన్ని గూడ రాసుకోండి, ఇంకో తప్పు కింద.

రెండు గంటలు
ఆ సందుల్లనే ఎక్కడో దాటిపోయింది.

మూడింటికి తిరిగొస్తే కర్ర మెడదాక నీళ్ళు.
మూడు వందల ముప్పై ఏడు పాయింటు ఐదు ఐదు.
రాసిన, పంపిన.

పక్క స్టేషనాయన ఫోన్ల అన్నడు:
ఒంటిగంటదీ మూడింటిదీ కలిపి సగం చేసి పెట్టు,
ఎవరడుగుతరు?
చేసి చూసిన.
మూడు వందల ముప్పై ఆరు పాయింటు తొమ్మిది ఎనిమిది.
అంకె అందంగనే ఉన్నది.
కానీ ఏరు సగం సగం ఎక్కదు.
దొంగ లెక్క కాసేపు గడప కాడ నిలబడి
ఒక్కసారే లోపలికొస్తది.
నేను చూడని నీళ్ళకు
సంతకం పెట్టలేను.

ఆ గడిని ఖాళీగనే ఉండనియ్యండి.
ఎప్పుడన్న మీ కన్ను దానిమీద ఆగితే
అక్కడ నలభై మూడు ఇండ్లున్నయి.

వీలైతే ఇంకో మనిషిని ఇయ్యండి,
ఒకరం కర్రకు, ఒకరం తలుపులకు.
లేదంటే ఒక మైకు.
బ్యాటరీలు మేమే కొనుక్కుంటం.

ఇట్లు,
కురుమూర్తి, గేజ్ రీడర్.

ఈ పొద్దు ఎనిమిది గంటలకు:
మూడు వందల ముప్పై మూడు పాయింటు ఒకటి సున్న.
తగ్గుతున్నది.
బండ తేలింది. సవారమ్మ
దాని బురద కడుగుతున్నది.